పడమటి మండలాల ప్రకృతి – పల్లె వారసత్వం

రాయలసీమ అనగానే చాలామందికి మండే ఎండ, నెర్రెలు విచ్చిన నేల, వాననీటికై ఎదురుచూసే రైతు గుర్తుకు వస్తారు. ఆ చిత్రం అబద్ధం కాదు. అయితే సంపూర్ణమూ కాదు. చిత్తూరు ప్రాంతానికి పడమరగా, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల వరకు వ్యాపించిన ఎత్తయిన మెట్టసీమ ఒకటి ఉంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఈ సీమలోని ముఖ్య పట్టణాలు. స్థానికులు దీనిని వాడుకలో ‘పడమటి మండలాలు’ అంటారు. ఇక్కడ కొండలున్నాయి, చల్లగాలి ఉంది, అడవి ఉంది. జీవనది మాత్రం లేదు. ఈ లోటే ఇక్కడి మనిషికి గురువయింది. ఉన్న నీటికి తగిన పంటను, ఉన్న మేతకు తగిన పశువును, పండిన పంటకు తగిన తిండిని ఎన్నుకొని బతికే నేర్పును అది నేర్పింది. కొలత తెలిసి బతకడమే ఈ సీమ పల్లె వారసత్వం.

నేల స్వరూపం

చిత్తూరు నుంచి పలమనేరు వైపు ప్రయాణించేవారు మొగిలి కనుమ ఎక్కగానే గాలిలో మార్పును గమనిస్తారు. కనుమకు దిగువన చిత్తూరు పట్టణం సముద్రమట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తున ఉండగా, పడమటి పట్టణాలు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నాయి. ఇది మైసూరు పీఠభూమికి తూర్పు అంచు. ఇక్కడి నల్లరాళ్లు, బోడిగుండ్లు భూగోళంలోని అతి ప్రాచీన శిలల కోవకు చెందినవి. వాటి వయస్సు రెండువందల యాభై కోట్ల సంవత్సరాలకు పైమాటే. కోలారు బంగారు గనుల శిలాశ్రేణి దక్షిణంగా సాగి కుప్పం సమీపం వరకు వచ్చింది. బిసానత్తం, చిగురుగుంట గనులలో 2001 వరకు బంగారం తవ్వారు.

మదనపల్లెకు చేరువలోని హార్సిలీ కొండ ఈ సీమకు శిరోమణి. దాని ఎత్తు సుమారు 1,265 మీటర్లు. పూర్వం దీనికి ఏనుగు మల్లమ్మ కొండ అని పేరు. మల్లమ్మ అనే బాలికను ఏనుగులు పెంచి కాపాడాయని, ఆమె కొండవాసుల కష్టాలు తీర్చిందని ఐతిహ్యం. పందొమ్మిదో శతాబ్దిలో కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యు.డి. హార్సిలీ వేసవి విడిదిగా ఇక్కడ బంగళా కట్టించుకొన్నాడు. నాటినుంచి కొండకు ఆయన పేరు స్థిరపడింది. దొర పేరు కొండకు దక్కినా, మల్లమ్మ గుడికి పూజలు ఆగలేదు.

ఈ చల్లదనమే కొన్ని సంస్థలను కూడా ఇక్కడికి రప్పించింది. క్షయరోగులకు మంచి గాలి తప్ప వేరు మందు లేని కాలంలో, 1915లో మదనపల్లె శివారున ఆరోగ్యవరం చికిత్సాలయం వెలిసింది. అదే సంవత్సరం అనీబిసెంటు దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ఆ కళాశాలలో బస చేసి, ‘జనగణమన’ గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు.

పాలనాపరంగా ఈ సీమ పలుమార్లు చేతులు మారింది. మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీందారీ, కుప్పం చేరిన కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడడంతో ఇవి ఒక గూటికి చేరాయి. 2022 నాటి పునర్విభజనలో మదనపల్లె అన్నమయ్య జిల్లాకు వెళ్లింది. గీతలు ఎన్నిసార్లు మారినా నేల స్వభావం మారలేదు; ఆ నేల మీద బతుకుతెరువూ ఒకటిగానే సాగింది.

చెరువు చెప్పిన శాస్త్రం

పడమటి మండలాలు నీటికి పుట్టిళ్లే గాని మెట్టినిళ్లు కావు. ఉత్తర భాగంలో బాహుదా వంటి ఏరులు పెన్నకు చేరతాయి. దక్షిణాన కౌండిన్య పాలారులో కలుస్తుంది. వాన కురిసిన నాలుగు రోజులు ఇవి పొంగుతాయి. తరువాత ఇసుక మిగులుతుంది. నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఈ సీమను తాకుతాయి గాని ఏదీ పూర్తిగా కరుణించదు. అందువలన కురిసిన చినుకును పారిపోకుండా పట్టి ఉంచడం ఇక్కడి మొదటి విద్య అయింది. ఊరూరా కనిపించే చెరువులు ఆ విద్యకు సాక్ష్యాలు.

ప్రాచీనాంధ్రులు చెరువును సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. తటాకం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు – ఈ ఏడింటిలో దేనిని నిలిపినా మనిషి పేరు నిలుస్తుందని వారి విశ్వాసం. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువును గురించి 1369 నాటి శాసనం ఉంది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరరాయలు ఆ చెరువును త్రవ్వించాడు. వేయిమంది కూలీలు రెండేళ్లపాటు పనిచేశారని శాసనం తెలుపుతుంది. అంతకంటె విలువైనది అందులోని సాంకేతిక భాగం. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని, ఆరు దోషాలు ఉండరాదని అది నిర్దేశిస్తుంది. కట్టనుంచి నీరు ఊరడం, చౌడునేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మిట్ట ఉండడం, కొద్ది నీటికి ఎక్కువ ఆయకట్టు, కొద్ది నేలకు ఎక్కువ నీరు – ఇవి ఆ దోషాలు.

ఈ ఆరింటిలో చివరి రెండు దోషాలను ప్రత్యేకంగా గమనించాలి. నీరు తక్కువ కావడమే కాదు, నేలకు మించి నీరు ఉండడమూ దోషమే! అంటే చెరువు గొప్పతనం దాని వైశాల్యంలో లేదు. నీటికి, నేలకు మధ్య గల పొందికలో ఉంది. ఆరువందల యాభై ఏళ్లనాటి ఈ సూత్రమే రాయలసీమ సేద్యానికి పునాది.

ఈ పొందికను అమలు జరిపినవాడు నీరుగంటి. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో నిర్ణయించడం, రాత్రివేళ గండి పడకుండా కాపు కాయడం అతని విధులు. కళ్లంలో ధాన్యం కొలిచే వేళ ప్రతి రైతూ అతనికి మేర ఇచ్చేవాడు. చెరువు నిర్మాణానికి, మరమ్మతులకు పూనుకొన్నవారికి దశబంధ ఇనాం పేరుతో భూమి ఇచ్చే ఏర్పాటు ఉండేది. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు దిగువ ఊరి చెరువుకు చేరేది. గొలుసుకట్టుగా ఉన్న ఈ ఏర్పాటులో ఎగువ ఊరు తన అవసరం తీరిన తరువాత దిగువ ఊరిని తలచుకోక తప్పదు.

ఇటువంటి నీతి ఒక్క రాయలసీమకే పరిమితం కాదు. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాల నడుమ, స్విట్జర్లాండులో వలే అనే లోయ ప్రాంతం ఉంది. చుట్టూ మంచుకొండలున్నా ఎత్తయిన శిఖరాలు వానమబ్బులను అడ్డగించడం వలన ఆ లోయలో వర్షం తక్కువ. అక్కడి రైతులు మధ్యయుగాలనుంచి కొండచరియలను తొలిచి కాలువలు తీసి, మంచుకరిగిన నీటిని పొలాలకు తెచ్చుకొన్నారు. ఎవరి వంతు ఎన్ని గంటలో లెక్క ఉండేది. కాలువ కాపరి ఉండేవాడు. ఆ లోయలో పెరిగే ఎరాన్స్ జాతి ఆవు కూడా పొట్టిదే, గట్టిదే. ఆల్ప్స్‌తో సహా ఐరోపాలోని పలు దేశాల సంప్రదాయ నీటిపారుదల విజ్ఞానాన్ని యునెస్కో 2023లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వలే కాలువకాపరికి, మన నీరుగంటికి పరిచయం లేదు. అయినా నీటికరవు ఇద్దరికీ ఒకే పాఠం నేర్పింది.

పుంగనూరు ఆవు

నీటికి తగిన పంట ఎలాగో, మేతకు తగిన పశువు అలాగే. పుంగనూరు ఆవు ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతులలో ఒకటి. దాని ఎత్తు సుమారు డెబ్బై నుంచి తొంభై సెంటీమీటర్లు. బరువు రెండువందల కిలోలకు మించదు. వెడల్పయిన నుదురు, చిన్న కొమ్ములు, దాదాపు నేలను తాకే తోక, తెలుపు లేక లేతబూడిద వన్నె దీని లక్షణాలు. ఎండుగడ్డి, పొలంగట్టు మేత తిని కరవుకాలంలోనూ తట్టుకొంటుంది. ఇచ్చే పాలు రెండుమూడు లీటర్లే అయినా అవి చిక్కనివి. సాధారణంగా ఆవుపాలలో వెన్న మూడు నుంచి ఐదు శాతం ఉంటుంది. పుంగనూరు ఆవుపాలలో అది ఎనిమిది శాతం వరకు ఉంటుందని చెబుతారు. తేలికపాటి దుక్కికి ఈ జాతి ఎద్దులు చాలు. పేద రైతు ఇంటి పెరటిలో, తక్కువ మేతతో, ఒక కుటుంబానికి సరిపడే పాలు – ఇదే దాని పరిమాణ రహస్యం.

ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవులు వచ్చాక, ఎద్దుల స్థానంలో ట్రాక్టర్లు దిగాక ఈ జాతి అంతరించే దశకు చేరింది. పలమనేరులోని పశుపరిశోధనా కేంద్రం దానిని కాపాడే బాధ్యత వహించింది. 2020లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ జాతి అభివృద్ధికి ప్రత్యేక కార్యక్రమాన్ని చేపట్టింది. నేడు పుంగనూరు ఆవుకు దేశమంతటా ఆదరణ లభిస్తున్నది. అయితే ఆ ఆదరణలో కొంత ముచ్చట పాలు ఎక్కువ. పొట్టిదనాన్ని ఇంకా పొట్టిగా మార్చి, అలంకారంగా ఇళ్లలో పెంచుకొనే ధోరణి పెరిగింది. ఏ జాతి అయినా తన పనిలో ఉన్నప్పుడే నిజంగా బతికి ఉన్నట్లు. పేద రైతు దొడ్డిలో నిలిచినప్పుడే పుంగనూరు ఆవు వారసత్వమవుతుంది. లేకపోతే వినోదవస్తువుగా మిగులుతుంది.

పశువుతో ఈ సీమవాసికి గల అనుబంధం కనుమ పండుగనాడు స్పష్టమవుతుంది. నాడు రైతులు నేరేడు, మద్ది మొదలైన చెట్ల బెరళ్లను ఉప్పుతో కలిపి దంచి పశువులచేత మింగిస్తారు. దీనిని ‘ఉప్పుచెక్క’ అంటారు. ఏడాదికొకసారి ఇచ్చే ఈ మందు పశువులను రోగాలనుంచి కాపాడుతుందని నమ్మకం. తరువాత కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పొంగలి వండి నైవేద్యం పెడతారు. ఆ పొంగలిని పొలాలలో ‘పొలి’గా చల్లుతారు. సాయంకాలం ఊరి వెలుపల పేర్చిన చిట్లకుప్పకు నిప్పంటించి, పశువుల దేవుడైన కాటమరాజును కొలుస్తారు. గొల్లల వీరగాథలో కథానాయకుడైన కాటమరాజు ఇక్కడ కథగానే కాక దైవంగా కూడా నిలిచాడు.

పంట – తిండి

ఈ సీమ పళ్లెంలో రాగిసంగటిది అగ్రస్థానం. రాగి తక్కువ నీటితో పండుతుంది. ఏళ్ల తరబడి చెడకుండా నిలవ ఉంటుంది. కరవునాటికి దాచుకోవడానికి ఇంతకంటె తగిన ధాన్యం లేదు. రాగిసాళ్ల మధ్య అనప, వేరుశనగ మధ్య కంది, అలసంద విత్తడం ఇక్కడి ఆనవాయితీ. ఒక పంట ఎండినా మరొకటి చేతికి వస్తుందన్న ముందుచూపు ఇందులో ఉంది. పప్పుజాతి మొక్కల వేళ్లు నేలకు సారాన్ని కూడా చేరుస్తాయి. మంచు కురిసే మార్గశిర, పుష్య మాసాలలో అనపకాయలు కోతకు వస్తాయి. గింజలను నానబెట్టి, వేళ్లతో పితికి తొక్క తీసి వండే పితికిపప్పు ఈ ప్రాంతపు ప్రత్యేక వంటకం. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చొని పప్పు పితకడం ఒక పనే కాదు, మాటముచ్చట్లకు వేదిక కూడా. ఊరుబిండి, ఉలవచారు, చింతపులుసు సంగటికి తోడు. పంట కోసిన పొలాలలో రాత్రివేళ గొర్రెలమందను ఆపించి ఎరువు చేసుకొనే ‘మంద కట్టించే’ ఆచారం రైతుకు, కాపరికి ఉభయతారకం.

కళలు – భాష – సాహిత్యం

అక్షరజ్ఞానం లేనివారికి కూడా భారతకథ కంఠస్థమై ఉండడం ఈ సీమ విశేషం. ఊళ్లలోని ధర్మరాజుల గుళ్ల వద్ద వేసవిలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సునాడు వేషధారి ఎత్తయిన మాను ఎక్కి, పైనుంచి భక్తులకు ప్రసాదాలు విసురుతాడు. దుర్యోధన వధనాడు మట్టితో చేసిన భారీ విగ్రహం చుట్టూ భీమ దుర్యోధనుల పాత్రధారులు గదాయుద్ధం చేస్తారు. అగ్నిగుండ ప్రవేశంతో ఉత్సవం ముగుస్తుంది. కవిత్రయం గ్రంథస్థం చేసిన కథను పల్లెజనం ఇలా తమ వీధిలోకి తెచ్చుకొన్నారు.

మదనపల్లెకు చేరువలోని తరిగొండ గ్రామం భక్తకవయిత్రి వెంగమాంబ పుట్టినిల్లు. పద్దెనిమిదో శతాబ్దిలో, బాలవితంతువుపై ఆచారం విధించిన కట్టుబాట్లను ధిక్కరించి, ఆమె తరిగొండ నృసింహుని, తిరుమలేశుని కీర్తిస్తూ ‘వేంకటాచల మాహాత్మ్యం’ మొదలైన కావ్యాలను రచించింది. ములకలచెరువు సమీపాన సోంపాళెం చెన్నకేశవాలయంలోని శిల్పాలు, గుర్రంకొండ దుర్గం, చౌడేపల్లె మండలంలోని బోయకొండ గంగమ్మ క్షేత్రం ఈ సీమ చరిత్రకు ఆనవాళ్లు.

కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అక్కడి సంతలో బేరం తెలుగులో మొదలై తమిళంలో సాగి కన్నడంలో ముగియవచ్చు. ఈ భాషాసహజీవనానికి గుర్తింపుగా 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలో స్థాపితమయింది. అయితే సరిహద్దు భాషలను కలిపినంత తేలికగా నీటిని కలపలేదు. పాలారు జలాల విషయమై మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య 1892లోనే ఒప్పందం జరిగింది. కుప్పం వద్ద పాలారుపై జలాశయం కట్టాలన్న ఆంధ్రప్రదేశ్ ప్రతిపాదనపై తమిళనాడు 2006లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండరాదన్న పోరుమామిళ్ల శాసనకర్త ఎంత లోకజ్ఞుడో దీనివలన అర్థమవుతుంది.

కొలత తప్పిన కాలం

పూర్వం బావినుంచి నీరు తోడడానికి కపిల ఉండేది. ఎద్దులు ఏతపుదారిలో ముందుకు నడిస్తే తోలుబాన పైకి వచ్చేది. ఎద్దులు అలసిపోయేవి, బావి అడుగంటేది, రాత్రికి మళ్లీ ఊట ఊరేది. తోడే శక్తికి, ఊరే శక్తికి సమతూకం ఉండేది. విద్యుత్ మోటార్లు, తరువాత గొట్టపుబావులు వచ్చి ఆ సమతూకాన్ని భంగపరచాయి. వెయ్యి అడుగులు దాటి తవ్వినా నీరు పడని చోట్లున్నాయి. అప్పు చేసి బోరు వేసి, అది ఎండితే మరొక అప్పుతో మరొక బోరు వేసిన రైతుల కథలు ప్రతి ఊరిలోనూ వినిపిస్తాయి. బోర్లపై ఆధారం పెరిగాక చెరువుపై శ్రద్ధ తగ్గింది. పూడిక పెరిగింది; నీరు వచ్చే వాగులు ఆక్రమణల పాలయ్యాయి; నీరుగంటి వృత్తి కనుమరుగయింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసింది. కాని నేల లోపలి నీటిని చట్టం ఒక్కటే కాపాడలేదు.

బోరునీటి అండతో టమాటా ఈ సీమకు ప్రధాన వాణిజ్యపంట అయింది. మదనపల్లె టమాటా మార్కెట్టు దేశంలోనే పేరుపొందింది. 2023 జూలైలో అక్కడ కిలో ధర నూటయాభై రూపాయలు దాటింది. ధర పడిపోయిన కాలంలో కోతకూలి కూడా రాక రైతులు పంటను రోడ్డుపక్కన పారబోసిన సందర్భాలూ అనేకం. రాగి, అనప, కంది కలిపి విత్తిన రైతుకు ఇటువంటి లాభమూ లేదు, ఇటువంటి పతనమూ లేదు. సంపాదన కోసం రైతు కొత్త పంటను కోరడం తప్పు కాదు; కాని నష్టాన్ని పంచుకొనే పాత ఏర్పాటు పోయి, భారమంతా ఒక్కడిపై పడడమే బాధాకరం.

అడవి వైపునుంచి కూడా ఒక సమస్య ఎదురయింది. 1980 దశకంలో పొరుగు రాష్ట్రాల అడవులనుంచి ఏనుగులు పలమనేరు, కుప్పం అడవులకు వలస వచ్చాయి. వాటికోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పాటయింది. మేతకు, నీటికి అవి పొలాలలోకి దిగడంతో పంటనష్టం, ప్రాణనష్టం సంభవిస్తున్నాయి, ఏనుగులూ మరణిస్తున్నాయి. వాటిని అడవికి మళ్లించడానికి 2025లో కర్ణాటకనుంచి నాలుగు శిక్షణపొందిన కుంకీ ఏనుగులను తెచ్చారు. ఏనుగులు పెంచిన మల్లమ్మను కొలిచే సీమలో ఏనుగుతో పేచీ రావడం కాలవైచిత్రి.

మళ్లీ చిగురించిన లోయ

కొలత తప్పిన నేల మళ్లీ కోలుకోగలదా? ఈ ప్రశ్నకు మదనపల్లె సమీపంలోని ఋషివ్యాలీ ఒక సమాధానం. 1895లో మదనపల్లెలో జన్మించిన తత్త్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి ఆశయాలతో అక్కడ విద్యాలయం వెలిసింది. ఒకప్పుడు ఆ లోయ చెట్లు కొట్టివేయబడి, పశువుల మేతకు గురై బోసిపోయి ఉండేది. దశాబ్దాలపాటు మొక్కలు నాటి, వాననీరు ఇంకే కుంటలు తవ్వి, కొండవాలులను మేతనుంచి కాపాడగా పచ్చదనం తిరిగి వచ్చింది. పచ్చదనంతో పక్షులు వచ్చాయి. 1991లో ఆ లోయకు పక్షుల సంరక్షణ ప్రాంతంగా గుర్తింపు లభించింది. ఇందులో వింత ఏదీ లేదు. నేలను కొంతకాలం తన మానాన విడిచి, పడిన వానను నిలిపితే చాలునన్నదే ఆ లోయ చెప్పే పాఠం.

మరొకవైపు నుంచి కూడా ఆశ పొడసూపింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణాజలాలను రాయలసీమకు తరలించే హంద్రీ–నీవా పథకం పుంగనూరు, కుప్పం శాఖా కాలువల ద్వారా ఈ సీమకు చేరింది. 2025 ఆగస్టులో కుప్పం ప్రాంతపు చెరువు కృష్ణానీటిని చూసింది. ఎన్నో తరాల కల ఫలించింది. అయితే ఎన్నో మెట్లు ఎక్కించి, విద్యుత్తు వెచ్చించి తెచ్చిన ఆ నీరు నిలవాలంటే చెరువు బాగుండాలి. చెరువు బాగుండాలంటే దానిని తమదిగా భావించే ఊరు ఉండాలి. కొద్ది నీటికి ఎక్కువ ఆయకట్టు దోషమని చెప్పిన సూత్రం వాననీటికి ఎంత వర్తిస్తుందో కాలువనీటికీ అంతే వర్తిస్తుంది.

వారసత్వమంటే గుళ్లు, కోటలు, శాసనాలు మాత్రమే కాదు. తూము ఎప్పుడు దించాలో తెలిసిన చేయి, ఏ బెరడు పశువుకు మందో ఎరిగిన చూపు, ఏ సాలులో ఏ గింజ వేయాలో తెలిసిన అనుభవం కూడా వారసత్వమే. రాతికట్టడం శిథిలమైతే మరమ్మతు చేయవచ్చు. ఒక తరం చెప్పకుండా వెళ్లిపోయిన విద్యను తిరిగి తేవడం కష్టం. కనుక పడమటి మండలాల యువతీయువకులు తమ ఊరి చెరువు పేరేమిటో, దానికి నీరు ఏ వాగునుంచి వస్తుందో, అలుగు పారితే ఏ ఊరికి పోతుందో పెద్దలనడిగి తెలుసుకోవాలి. ఆ సమాధానాలు చెప్పగల పెద్దలు ఊళ్లలో ఇంకా ఉన్నారు.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పడమటి మండలాల చెరువు సేద్యంలో నీటికి, నేలకు గల పొందికను వివరించండి.
2. పుంగనూరు ఆవు విశిష్టతను, నేడు దానికి లభిస్తున్న ఆదరణను గూర్చి చర్చించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. పోరుమామిళ్ల శాసనం తెలిపే ఆరు దోషాలేవి?
2. కనుమ పండుగనాటి ఆచారాలను తెలపండి.
3. ఋషివ్యాలీ తిరిగి పచ్చబడిన విధానాన్ని రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. హార్సిలీ కొండ పూర్వనామమేమి?
2. నీరుగంటి విధి ఏమిటి?
3. ద్రావిడ విశ్వవిద్యాలయం ఎప్పుడు, ఎక్కడ స్థాపితమయింది?